గుడిలో సింహం, అడవిలో పులి

మిర్యాలగూడ నుంచి దామరచర్ల దాటి వాడపల్లి పోతే, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంటుంది. అదే నది వెంట దిగువకు పోతే మట్టపల్లి. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ జనం మొక్కులు తీర్చుకోవడానికి పోయే ఆ గుడిలోనూ నరసింహుడే. నల్లమల అవతల అహోబిలంలో వెలసిన స్వామి చెంచు పిల్లను పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన దేవుడే కాక చుట్టం కూడా. ఇన్ని సింహపు గుళ్లున్న ఈ నేల మీద నిజం సింహం తిరిగిన దాఖలా మాత్రం కనపడదు. మన దేశంలో ఒకప్పుడు ఉత్తరాన, పడమటన తిరిగిన సింహాలు ఇప్పుడు గుజరాత్‌లోని గిర్ చుట్టుపక్కలే మిగిలాయి. 2025 లెక్కలో అవి 891 అని తేలాయి. మన వైపు అడవిని ఏలేది పెద్దపులి.

అది మనకు ఎంత దగ్గరలో ఉందో చాలామందికి తెలియదు. మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా సాగర్‌కు పోయే దారి అందరికీ అలవాటే. ఆ సాగర్ దగ్గర మొదలై దేవరకొండ, కంబాలపల్లి వైపు సాగే అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. అంటే నల్గొండ జిల్లాలో కొంత నేల పులిదే. మిగతాది నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోతుంది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఉంది. ఈ రెండూ ఒకప్పుడు ఒకటే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చిన ఆ ఉమ్మడి అడవి 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంగా ఉండేది. 2014 తరువాత రాష్ట్రాలతో పాటు అదీ విడిపోయింది. 1967 నుంచి ఎడమ కాలువలో పారి మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలను తడుపుతున్న నీళ్లు ఆ రెండు అడవుల నడుమ లోయలోంచి వచ్చినవే.

టీవీలో ఆఫ్రికా సింహాల సినిమాలు చూసినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది ఫలానా సింహం, అది దాని అన్న, అదిగో ఆ వచ్చేది దీనికి పగవాడు అని చెబుతుంటారే, అన్నీ ఒకేలా కనపడే జంతువుల్లో వాళ్లకెట్లా తెలుస్తుంది? ఆ వెంటనే మన అడవి గురించి ఇంకో ప్రశ్న వస్తుంది. పులుల లెక్క తీశామంటారు, ఒకే పులిని నాలుగు చోట్ల చూసి నాలుగని రాసుకోరా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు ఒకే చోట మొదలవుతుంది. మందను చూడటం మానేసి ఒక్కొక్క జంతువునూ విడిగా ఎరగడం దగ్గర.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మన సామెత. నక్క సంగతి అటుంచితే, ఒక పులి చారలు ఇంకో పులికే ఉండవు. మన వేలిముద్రల్లాగే ప్రతి పులికీ పక్కటెముకల మీద, తొడల మీద, తోక మొదట్లో చారలు వేరుగా ఉంటాయి. అంతేకాదు, అదే పులికి కుడి పక్క చారలు ఒక రకం, ఎడమ పక్క చారలు ఇంకో రకం. కుడి నుంచి తీసిన ఒక ఫొటో, ఎడమ నుంచి తీసిన ఒక ఫొటో చూపించి ఇవి ఒకే పులివా అంటే ఎంత తెలిసినవాళ్లూ చెప్పలేరు. అందుకే అడవి బాటకు రెండు వైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. మనిషి మోకాలి ఎత్తున చెట్టుకు కట్టిన ఆ పెట్టె, ఒంటి వేడి ఉన్న ప్రాణి ఏది ముందు నుంచి కదిలినా ఫొటో తీస్తుంది. రెండు పక్కలూ ఒకేసారి పడితేనే ఆ పులికి పూర్తి చిరునామా దొరికినట్టు.

సింహానికి చారలు లేవు. దానికి మీసాలే గుర్తు. మూతికి ఇరుపక్కలా మీసాలు మొలిచే చోట నల్లటి చుక్కలు వరుసలుగా ఉంటాయి. పై వరుస మీద అక్కడక్కడా విడిగా ఒకటో రెండో మూడో చుక్కలుంటాయి. ఆ విడి చుక్కలు కింది వరుసలో ఏ చుక్కకు పైన పడ్డాయన్నది సింహానికీ సింహానికీ మారుతుంది, వయసు పెరిగినా చెరగదు. పెన్నీక్విక్, జూడిత్ రుడ్నాయ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ఈ పద్ధతిని ప్రకటించారు. చిరిగిన చెవి, ముక్కు మీద గాటు, విరిగిన కోర వంటివీ పనికొస్తాయి గానీ అవి ఏడాదికేడాది పెరుగుతుంటాయి. చుక్కలు పుట్టినప్పటివే.

టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో 1966లో జార్జ్ షాలర్ సింహాలను ఇలా ఒక్కొక్కటిగా గుర్తుపట్టి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్లిపోయాక ఇంకొకరు, వాళ్ల తరువాత 1978 నుంచి క్రెయిగ్ ప్యాకర్, ఆన్ ప్యూసీ ఆ పుస్తకాన్ని కొనసాగించారు. మన ఊళ్లలో కరణాలు పహాణీలు రాసినంత ఓపికగా దశాబ్దాల పాటు ఏ ఆడసింహం ఎప్పుడు ఈనింది, దాని తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, ఏ మగవి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయి అని రాసిపెట్టారు. సింహాల కుటుంబం గురించి ఈరోజు ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ పుస్తకం నుంచి వచ్చిందే.

ఆ కుటుంబం మనవాళ్లకు అర్థం కావాలంటే ఇల్లరికం గుర్తు చేసుకోవాలి. సింహాల గుంపులో ఇల్లు ఆడవాళ్లది. అమ్మమ్మ, తల్లి, పిన్నులు, అక్కచెల్లెళ్లు పుట్టిన నేలను వదలరు. మగపిల్లలు మాత్రం రెండు మూడేళ్లు వచ్చేసరికి బయటికి పోవాల్సిందే. అన్నదమ్ములు, పినతల్లి కొడుకులు ఇద్దరో ముగ్గురో జట్టుగా దేశం మీద పడి తిరుగుతారు. ఒంటరిగా మిగిలిన మగది తనలాంటి పరాయి ఒంటరితో జత కడుతుంది. బలం వచ్చాక ఏదో ఒక గుంపు మీదికి పోయి, అక్కడున్న మగవాళ్లను తరిమి, తాము ఇల్లరికం దిగుతారు. ఎవరూ పిలిచిన ఇల్లరికం కాదు, ఎక్కువ కాలం సాగేదీ కాదు. చాలా జట్లకు రెండు మూడేళ్లే గడువు. ఆలోపు ఇంకో జట్టు గడప తొక్కుతుంది. జట్టు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం నిలబడుతుంది. దక్షిణాఫ్రికాలోని సాబి శాండ్ అభయారణ్యంలో మపోగో అని పేరు పడ్డ ఆరు మగసింహాల జట్టు 2006 తరువాత కొన్నేళ్ల పాటు ఎన్నో గుంపులను చెప్పుచేతల్లో పెట్టుకున్నది ఆ సంఖ్యాబలంతోనే.

కొత్త మగవాళ్లు రాగానే చేసే పని చూస్తే మనిషికి కడుపు తరుక్కుపోతుంది. గుంపులో ఉన్న పసికూనలను చంపేస్తాయి. పాలిచ్చే తల్లి మళ్లీ ఎదకు రాదు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగితే సుమారు రెండేళ్లు పడుతుంది, కొత్తగా వచ్చిన మగవాటికి ఉన్న గడువే అంత. పిల్లలు పోతే తల్లి త్వరలోనే ఎదకు వస్తుంది, మరో నాలుగు నెలలకు వాళ్ల పిల్లలు పుడతాయి. సెరెంగెటిలో ఏడాది లోపు కూనల చావుల్లో సుమారు నాలుగో వంతు ఇలాంటివేనని ప్యాకర్, ప్యూసీల లెక్క. దీన్ని క్రూరత్వమని తిట్టుకుంటే మనకు దొరికేదేమీ లేదు. ఇలా జరుగుతుందని తెలిస్తేనే, ఒక మగసింహం చస్తే వెనక ఎన్ని ప్రాణాలు ఊగిసలాడతాయో అర్థమవుతుంది.

తల్లులూ ఊరుకోవు. ఒకే గుంపులో ఆడవి ఇంచుమించు ఒకే కాలంలో ఈని, పిల్లలన్నిటినీ ఒకచోట పెంచుకుంటాయి, ఒకదాని పిల్లకు ఇంకొకటి పాలిస్తుంది. పరాయి మగది వస్తే కలిసి ఎదురు తిరుగుతాయి. వీటికి ఎదుటివాళ్లెందరో లెక్క కూడా తెలుసు. కారెన్ మెకోంబ్ అనే పరిశోధకురాలు సెరెంగెటిలో దాచిపెట్టిన స్పీకర్ల ద్వారా పరాయి ఆడసింహాల గర్జనలు వినిపించింది. ఒక్క గొంతు వినపడితే గుంపు ధైర్యంగా స్పీకరు మీదికి పోయింది. మూడు గొంతులు వినపడితే, తామెందరున్నామో చూసుకున్నట్టుగా వెనకా ముందూ ఆడి, ఎక్కువమంది ఉన్నప్పుడే ముందుకు కదిలింది. 1994లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. గర్జన అంటే కోపంతో చేసే అరుపని మనం అనుకుంటాం. అసలది మైళ్ల దూరానికి వేసే దండోరా: ఈ నేల మాది, మేమిక్కడే ఉన్నాం, ఇంతమందిమి.

జూలు కూడా అలాంటి ప్రకటనే. 2002లో పేటన్ వెస్ట్, ప్యాకర్ కలిసి మగసింహాల బొమ్మలు పెట్టి చూశారు. కొన్నిటికి లేత జూలు, కొన్నిటికి నల్లటి జూలు తగిలించారు. మగసింహాలు నల్ల జూలు బొమ్మ దగ్గరికి పోవడానికి జంకాయి, ఆడసింహాలు మాత్రం దానివైపే మొగ్గాయి. నల్లటి ఒత్తు జూలు ఆరోగ్యానికీ బలానికీ గుర్తు. చాలా తగవులు కోరల దాకా పోకుండా ఇలా చూపుతోనే తెగిపోతాయి.

ఇక మన నల్లమలకు వద్దాం. పులి గుంపు కట్టదు. కానీ ఒంటరిగా తిరుగుతుందంటే దానికి బంధుత్వాలు లేవని కాదు. ఒక్కో ఆడపులికి తన సొంత ఇలాకా ఉంటుంది. మగపులి ఇలాకా దానికంటే చాలా పెద్దది, ఇద్దరు ముగ్గురు ఆడవాటి ఇలాకాల మీద పరుచుకుని ఉంటుంది. కూతురు పెద్దదైతే తరచుగా తల్లి ఇలాకా పక్కనే స్థిరపడుతుంది, కొన్నిసార్లు తల్లే తన నేలలో కొంత వదిలిపెడుతుంది. కొడుకు దూరం పోవాలి. అంటే ఇక్కడా ఆస్తి తల్లి నుంచి కూతురికే. నేపాల్‌లోని చిత్వన్‌లో 1970లలో పులులకు రేడియో కాలర్లు కట్టి మొదలుపెట్టిన పరిశీలనలో ఇదంతా తేలింది. పాత మగపులి చచ్చినా, ఓడిపోయినా కొత్తగా వచ్చినది పిల్లలను చంపడం కూడా అక్కడ నమోదైంది. సింహానికి జరిగేదే పులికీ జరుగుతుంది. గుంపుగా కాపాడుకునే అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి తల్లిపులి ఒంటరి.

ఇద్దరు మగపులులు ఎదురుపడకుండా ఉండటానికి వాటి దగ్గర ఒక ఏర్పాటుంది. చెట్ల బెరడు మీద గోళ్ల గీతలు, బాటల పక్కన వెనక కాళ్లతో గీకిన నేల, పొదల మీద వెనక్కి చిమ్మిన వాసన ద్రవం. ఆ వాసన కొన్నాళ్లకు పలచబడుతుంది కాబట్టి యజమాని తిరిగి తిరిగి తాజా చేస్తూ ఉండాలి. చేయకపోతే పొరుగున ఉన్న మగది అడుగు ముందుకు వేస్తుంది. మిర్యాలగూడ రైసు మిల్లుల వాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆర్. ఎల్. బ్రహ్మచారి పులుల వాసన మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. పులి చిమ్మే ద్రవంలో, బాస్మతి బియ్యానికి ఆ ఘుమఘుమనిచ్చే పదార్థమే ఉందని ఆయన బృందం కనిపెట్టింది. ఎండాకాలం అడవి బాటలో ఉడికిన సువాసన బియ్యం వాసన తగిలితే, పులి అప్పుడే అటు పోయిందని తెలిసినవాళ్లు చెప్పేది అందుకే.

ఆ తెలిసినవాళ్లలో మొదట చెప్పాల్సింది చెంచులను. అప్పాపూర్, మల్లాపూర్, ఫరహాబాద్, రాంపూర్ వంటి పెంటల్లో, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లో ఉంటూ తేనె తీసి, గడ్డలు తవ్వి బతికిన వాళ్లకు అడవి చదవడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పింది కాదు. కొండముచ్చు చెట్టు మీద నుంచి ఒక రకంగా దగ్గితే, చుక్కల దుప్పి తోక లేపి కూత పెడితే, కణితి బిగ్గరగా అరిస్తే, పెద్దది ఎటువైపు కదులుతోందో చెబుతారు. ఇవాళ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ట్రాకర్లుగా పనిచేసేవాళ్లలో వాళ్లు ముఖ్యులు. ఏ బాట మీద, ఏ వాగు మలుపు దగ్గర కెమెరా కడితే పులి పడుతుందో చెప్పేది వాళ్లే. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి పని ఆ తరువాతే మొదలవుతుంది. పత్రికల్లో కెమెరాల గురించి రాసినంతగా ఈ మనుషుల గురించి రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అడుగు జాడలోనూ చదవాల్సింది చాలా ఉంది. కుక్క, తోడేలు, దుమ్ములగొండి జాడలో గోళ్ల గుర్తులుంటాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, కాబట్టి జాడలో గోరు పడదు. నాలుగు వేళ్లు, వెనక ఒక వెడల్పాటి మెత్త. మగపులి పాదం ఇంచుమించు చదరంగా, ఆడదాని పాదం కొంచెం కోలగా, వేళ్లు సన్నగా ఉంటాయి. చిరుత జాడ ఇంకా చిన్నది. వాగు ఇసుకలో అడుగుకూ అడుగుకూ మధ్య దూరం చూస్తే అది తీరుబడిగా నడిచిందో, కాలు ఈడ్చిందో, వెంట పిల్లలున్నాయో తెలుస్తుంది.

మన దేశంలో మొదట పులుల లెక్క తీసింది ఈ జాడలతోనే. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో ఆ పద్ధతిని రూపొందించారు. జాడ మీద గాజు పలక పెట్టి గీత గీసుకోవడం, సున్నపు పొడి లాంటి ప్లాస్టర్ పోసి అచ్చు తీయడం, అన్నీ పోల్చి ఎన్ని పులులో చెప్పడం. 1972 లెక్కలో దేశం మొత్తం మీద 1,827 అని తేలింది. ఆ సంఖ్య చూసి బెంబేలెత్తే 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టారు. అయితే ఒకే పులి పాదం మెత్తటి బురదలో ఒకలా, గట్టి నేలలో ఇంకోలా పడుతుంది. ఒకే పులి మూడు పులులయ్యే ప్రమాదముంది. పులి లేకున్నా కాగితం మీద ఉండే ప్రమాదం అంతకంటే పెద్దది. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004, 2005లలో పులులన్నీ వేటగాళ్ల పాలై ఒక్కటీ మిగల్లేదని బయటపడ్డప్పుడు, అప్పటిదాకా లెక్కల్లో పులులు ఉంటూనే ఉన్నాయి. దేశం ఉలిక్కిపడింది. లెక్క పద్ధతి మారింది ఆ దెబ్బతోనే.

కొత్త పద్ధతికి దారి వేసింది కర్ణాటక శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్. నాగరహోళె అడవిలో 1990ల మొదట్లో కెమెరాలు కట్టి, చారలను బట్టి పులులను గుర్తించి, 1995లో ఆ లెక్క ప్రకటించారు. అడవిలో ప్రతి పులీ కెమెరాకు దొరకదు కదా, దొరకనివి ఎన్నో ఎట్లా తెలుస్తుందన్న అనుమానం సహజం. చెరువును తీసుకుందాం. వల వేసి 50 చేపలు పట్టి, రెక్క మీద గుర్తు పెట్టి మళ్లీ నీళ్లలో వదిలారు. వారం తరువాత వల వేస్తే 40 పడ్డాయి. వాటిలో గుర్తున్నవి 10. అంటే పడినవాటిలో నాలుగో వంతుకు గుర్తుంది. చెరువు మొత్తంలోనూ ఇదే పాళ్లు అనుకుంటే, 50 నాలుగో వంతు అవుతుంది, చేపలు సుమారు 200. పులికి మనం గుర్తు పెట్టనక్కరలేదు, చారలే దాని గుర్తు. మొదటి వారం పడ్డ పులి రెండో వారం ఎన్నిసార్లు పడింది, కొత్తవి ఎన్ని పడ్డాయి అన్న దాన్ని బట్టి కనపడనివాటినీ అంచనా కడతారు. అసలు గణితం ఇంతకంటే చిక్కుగా ఉంటుంది, పులి తన ఇలాకా నడిబొడ్డున ఎక్కువగా, అంచుల్లో తక్కువగా పడుతుందన్నది కూడా అందులో చేరుస్తారు. మూలసూత్రం మాత్రం చెరువు చేపలదే.

2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఇలా లెక్కిస్తున్నారు. మొదట బీట్ ఆఫీసర్లు, వాచర్లు తమ బీట్‌లో జాడలు, పెంటికలు, గీతలు వెతుక్కుంటూ నడుస్తారు. తరువాత రెండు కిలోమీటర్ల గీత మీద పొద్దున్నే నడుస్తూ దుప్పులు, కణితులు, అడవిపందులు ఎన్ని కనపడ్డాయో రాస్తారు, ఎందుకంటే తిండి లేనిచోట పులి ఉండదు. ఆ తరువాతే కెమెరాలు. 2018 లెక్కలో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షల పైచిలుకు. వాటిలో పులివి 76,651. మిగతావన్నీ దుప్పులు, ఎలుగుబంట్లు, పశువులు, గాలికి ఊగిన గడ్డి, మనుషులు. ఇంత పెద్ద కెమెరా సర్వే ప్రపంచంలో అప్పటిదాకా మరొకటి జరగలేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ లెక్కలో దేశంలో 2,967 పులులు. 2022 అంచనా 3,682. రాష్ట్రాల వారీగా చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 48 నుంచి 63కు పెరిగాయి, తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయి. ఇది చదివి కొందరు పక్క రాష్ట్రంతో పోటీ పెడతారు. పులికి ఈత బాగా వచ్చు, కృష్ణ దానికి గోడ కాదు. నల్లమల వరకు రెండు ఒడ్డులనూ కలిపి చదివితేనే అర్థముంటుంది. చారలు సరిపోల్చి చూస్తారు కాబట్టి రెండు వైపులా కెమెరాలో పడ్డ పులి రెండు పులులుగా మారదు.

ఒక్కొక్క పులినీ విడిగా ఎరిగి ఉండటం ఎందుకో 2023 మార్చిలో నంద్యాల జిల్లాలో కనిపించింది. ఆత్మకూరు అటవీ డివిజన్ అంచున పెద్దగుమ్మడాపురం అనే ఊరి దగ్గర నాలుగు ఆడపులి కూనలు దొరికాయి. కుక్కల బారిన పడతాయని ఊరివాళ్లు వాటిని ఒక గదిలో పెట్టి కబురు చేశారు. ఆ ప్రాంతంలో తిరిగే పులుల కెమెరా రికార్డులు, జాడలు చూసి, తల్లి టీ–108 అని అధికారులు చెప్పగలిగారు. అది ఏ దారిన తిరుగుతుందో వెతుక్కుంటూ, రాత్రిళ్లు కూనలను దాని దారిలో ఉంచి, తల్లి వస్తుందేమోనని కాచుకున్నారు. రాలేదు. చివరికి కూనలను తిరుపతి శ్రీవేంకటేశ్వర జూకు తరలించారు. ప్రయత్నం ఫలించకపోయినా, ఏదో ఒక పులి అని చేతులు ముడుచుకోకుండా ఈ నలుగురి తల్లి ఫలానాది అని పేరు పెట్టి వెతకగలిగారంటే, దాని వెనక ఏళ్ల తరబడి పోగేసిన ఫొటోల పుస్తకం ఉంది.

ఇంకో ఉదాహరణ ఉత్తర తెలంగాణది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో దరిగాం దగ్గర రెండు రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. మొదటిదాన్ని చూసినప్పుడు, ఇలాకా కోసం పోట్లాడుకుని చచ్చిందేమోనన్న మాట వినిపించింది. తరువాత తేలింది వేరు. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారు. పులులు పోట్లాడుకుంటాయి, నిజమే. కానీ ఒంటి మీద గాట్లు, పొట్టలో ఉన్నది, చుట్టుపక్కల జాడలు, ఆ అడవిలో ఆ నెలలో ఏ మగవి తిరుగుతున్నాయో చెప్పే కెమెరా రికార్డు, ఇవన్నీ చూడకుండా పోట్లాట అని రాసేస్తే మనిషి చేసిన పని పులి నెత్తిన పడుతుంది.

మగపులి తోడు కోసం ఎంత దూరం నడుస్తుందో అదే ఏడాది చలికాలంలో ఆదిలాబాద్ వాళ్లు చూశారు. జానీ అని పిలిచే మగపులి మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి వచ్చి, రోడ్లు దాటుతూ, పత్తి చేల పక్కనుంచి ఊళ్ల అంచుల మీదుగా వారాల తరబడి తిరిగింది. అలా పోయే పులికి తన ఇలాకా అంటూ ఉండదు, దారి తెలియదు, ఎక్కడ ఏ తీగ ఉందో తెలియదు.

తీగ అన్నాను. అమ్రాబాద్ చుట్టూ, మన దేవరకొండ, చందంపేట వైపు కూడా, వేరుశనగ, మొక్కజొన్న చేనుకు అడవిపందులు పెట్టే గోస రైతుకే తెలుసు. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టం తవ్విపోస్తాయి. అందుకని చేను చుట్టూ ఉచ్చులు పెడతారు, కొందరు కరెంటు తీగ లాగుతారు. పంది కోసం పెట్టిన ఉచ్చుకు పంది ఏది, చిరుత ఏది, పులి ఏది తెలియదు. 2020లో మర్రిగూడ మండలంలో ఉచ్చులో చిక్కిన చిరుతను నల్గొండ జిల్లా కళ్లారా చూసింది. రాత్రి తడి పెట్టడానికి పోయిన రైతులు, పశువుల కాపర్లు కూడా అదే తీగలకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రైతును దొంగలా చూస్తే ఇది ఆగదు. పంట నష్టానికి పరిహారం ఆలస్యం లేకుండా చేతికి రావాలి, కంచెకు సాయం రావాలి. అదే సమయంలో ఆ తీగ మీద పడ్డది ఇలాకా పట్టిన మగపులి అయితే పోయేది ఒక్క పులి కాదని కూడా తెలియాలి. దాని ఇలాకాలో ఇద్దరు ముగ్గురు తల్లులు, వాటి పిల్లలు ఉంటాయి. ఖాళీ అయిన నేల కోసం వచ్చే కొత్త మగపులికి ఆ పిల్లలు అడ్డం. ఒక తీగతో ఒక తరం పోవచ్చు.

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే దగ్గర సెసిల్ అనే మగసింహాన్ని ఒక వేటగాడు చంపినప్పుడు ప్రపంచం అంతగా కదిలింది ఇందుకే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దానికి కాలర్ కట్టి ఏళ్లుగా గమనిస్తున్నారు. దాని పేరు, దాని ఆడవాళ్లు, దాని పిల్లలు, దానితో జట్టు కట్టిన జెరికో అనే మగసింహం, అన్నీ తెలుసు. అది చచ్చిన సంగతి తెలియగానే అందరూ అడిగిన ప్రశ్న: ఇప్పుడు ఆ కూనల గతి ఏమిటి? జెరికో దగ్గరే ఉండటంతో గండం గడిచిందని తరువాత చెప్పుకున్నారు. పేరు లేని సింహం చస్తే ఆ ప్రశ్న ఎవరికీ పుట్టేది కాదు.

నాలుగేళ్లకోసారి వచ్చే లెక్కలో 2022 తరువాతి వంతు 2026ది. అడవి అంచు ఊళ్లవాళ్లకు, సాగర్ వైపు పోయే మనలాంటివాళ్లకు ఇందులో చేయగల పని కొంత ఉంది. చేనుగట్టు మీదో వాగు ఇసుకలోనో గోళ్లు పడని పెద్ద జాడ కనిపిస్తే, నలుగురూ వచ్చి తొక్కకముందే పక్కన అగ్గిపెట్టె పెట్టి సెల్‌ఫోన్‌తో పైనుంచి నిటారుగా ఒక ఫొటో తీయండి. దాని మీద ఒక గంప బోర్లించి, చుట్టూ కర్రతో గీత గీయండి. బీట్ ఆఫీసరుకు కబురు చేయండి. కూనలు కనపడితే ఎత్తుకోకండి, దూరం నుంచి కాపలా కాయండి, కుక్కలను కట్టేయండి. తల్లి అక్కడే ఎక్కడో పొదలో ఉండి మీరు పోయేదాకా చూస్తూ ఉండవచ్చు. గంప తీసి ఆ జాడ చూసే ట్రాకరు మొదట అడిగేది, అది ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందని. కాబట్టి వచ్చిన దిక్కు, పోయిన దిక్కు గుర్తు పెట్టుకోండి.